రోనీ జేమ్స్ డియో: ఎల్ఫ్, రెయిన్‌బో, సబ్బాత్, డియో, హెవెన్ అండ్ హెల్... ఆయన గొంతు ఎక్కడ బాగా పండింది?

విశాఖ_వినైల్

హార్డ్ రాక్‌లో బ్యాండ్‌లు మారిన గాయకులు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి దక్కేది పాత గాయకుడి పాటలు పాడటం, ఆయనతో పోల్చి ఎవరో ఒకరు పెదవి విరిస్తే భరించడం. అమెరికన్ గాయకుడు డియో విషయంలో అలా జరగలేదు. ఆయన అడుగుపెట్టిన ప్రతిచోటా బ్యాండే మారిపోయింది. 1975లో బ్రిటిష్ బ్యాండ్ డీప్ పర్పుల్ గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్‌తో రెయిన్‌బో, 1979లో బ్లాక్ సబ్బాత్, 1982లో సొంత బ్యాండ్ డియో. పదేళ్లు కూడా నిండకుండా మూడు బ్యాండ్‌లు. మూడింటిలోనూ ఇప్పటికీ జనం పెట్టుకుని వినే ఆల్బమ్‌లు.

నా ఓటు రెయిన్‌బోకి, అందులోనూ 1976లో వచ్చిన 'రైజింగ్'కి. ఆరే పాటలు, మొత్తం 34 నిమిషాలు కూడా ఉండదు. వృథా పోయిన క్షణం ఒక్కటీ లేదు.

మీ ఓటు ఎటో చెప్పండి. ఊరికే పేరు రాసి వెళ్లిపోకండి, ఎందుకో కూడా రాయండి.

బేస్_బాబ్జీ

సబ్బాత్. ఇంకో ఆలోచనే లేదు. రెయిన్‌బోలో ఆయన బ్లాక్‌మోర్ సంగీతానికి గొంతు ఇచ్చాడు. సబ్బాత్‌లో పడిపోతున్న బ్యాండ్‌ని నిలబెట్టాడు. 1979లో పాత గాయకుడు ఆజీ ఆస్బోర్న్‌ని తీసేసినప్పుడు ఆ నలుగురి కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 'హెవెన్ అండ్ హెల్' వచ్చింది. వివరంగా తర్వాత రాస్తాను, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను.

కొత్త_శ్రోత

అన్నలూ, నేను 'హోలీ డైవర్' ఒక్కటే విన్నాను. అది విని ఎవరో పాతికేళ్ల కుర్రాడు పాడాడనుకున్నా. దానికి ముందు ఇంత కథ ఉందా? మొదటి నుంచి ఎవరైనా చెప్తారా?

విశాఖ_వినైల్

@కొత్త_శ్రోత, 'హోలీ డైవర్' 1983 మేలో వచ్చింది తమ్ముడూ. ఆయన పుట్టింది 1942 జులై 10న. అంటే అప్పటికి నలభై దాటాయి. డియో కథలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, పేరు రావడానికి పట్టిన కాలం.

అసలు పేరు రొనాల్డ్ జేమ్స్ పడవోనా. ఇటాలియన్ మూలాలున్న కుటుంబం. న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మౌత్‌లో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లాండ్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. 1957లో స్కూల్ స్నేహితులతో బ్యాండ్ కట్టినప్పుడు ఆయన వాయించింది బేస్ గిటార్. అప్పటికి మెటల్ లేదు, హార్డ్ రాక్ అన్న మాటే లేదు. డాన్సులకు, కాలేజీ ఫంక్షన్లకు వాయించే రాక్ అండ్ రోల్ బ్యాండ్ అది. డియో అనే పేరు జానీ డియో అనే మాఫియా మనిషి నుంచి తీసుకున్నాడు. 1961 నుంచి 1967 వరకు 'రోనీ డియో అండ్ ద ప్రాఫెట్స్' పేరుతో నడిపాడు. ఆ రికార్డులు వింటే ఇది ఆ గొంతేనా అని ఆశ్చర్యమేస్తుంది. నున్నగా, బుద్ధిగా, రేడియోకి తగ్గట్టు పాడిన ప్రేమ పాటలవి.

తర్వాత 'ఎలక్ట్రిక్ ఎల్వ్స్' కట్టారు. 1968 ఫిబ్రవరిలో వాళ్ల వాహనానికి యాక్సిడెంట్ అయి గిటారిస్ట్ నిక్ పాంటాస్ చనిపోయాడు, మిగతావాళ్లకు గాయాలయ్యాయి. ఆ దెబ్బకి బ్యాండ్ విడిపోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. వీళ్లు విడిపోలేదు. పేరు చిన్నదవుతూ ఎల్వ్స్, ఆ తర్వాత ఎల్ఫ్ అయింది. డీప్ పర్పుల్‌కి చెందిన రోజర్ గ్లోవర్, ఇయాన్ పేస్ వీళ్లని విని, 1972లో మొదటి ఆల్బమ్‌ని నిర్మించారు. ఆ ఆల్బమ్‌లో డియో పాడుతూ బేస్ కూడా వాయించాడు. డీప్ పర్పుల్ టూర్లలో ముందు వాయించే బ్యాండ్‌గా తిరిగారు. బ్లాక్‌మోర్ రోజూ ఆ గొంతు విన్నది అక్కడే.

సీమ_రిఫ్

ఎల్ఫ్ మూడు ఆల్బమ్‌లూ విన్నాను. పియానో మీద నడిచే హుషారైన బూగీ రాక్. పాటలు ఓ మాదిరి, గొంతు మాత్రం వాటికంటే చాలా పెద్దది. ఆ గొంతుకి సరిపడే సంగీతం ఇంకా దొరకలేదని ప్రతి పాటలోనూ తెలిసిపోతుంది.

బ్లాక్‌మోర్ 'బ్లాక్ షీప్ ఆఫ్ ద ఫ్యామిలీ' అనే పాటని డీప్ పర్పుల్‌తో చేద్దామంటే మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ఎల్ఫ్ వాళ్లని తీసుకెళ్లి సొంతంగా రికార్డ్ చేశాడు. అది నచ్చింది. ఇక ఆల్బమే చేసేశాడు, డీప్ పర్పుల్ వదిలేశాడు. 1975లో రెయిన్‌బో మొదటి ఆల్బమ్‌లో గిటారిస్ట్ తప్ప ఎల్ఫ్ బ్యాండ్ మొత్తం ఉంది. ఏడాది తిరిగేలోగా డియో తప్ప వాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. కోజీ పవెల్ డ్రమ్స్‌కి, జిమ్మీ బెయిన్ బేస్‌కి, టోనీ కేరీ కీబోర్డులకి వచ్చారు.

'రైజింగ్' రికార్డ్ చేసింది ఈ బ్యాండే. మ్యూనిక్‌లోని మ్యూజిక్‌లాండ్ స్టూడియోలో, మార్టిన్ బర్చ్ ప్రొడ్యూసర్‌గా. అందులో 'స్టార్‌గేజర్' గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎనిమిది నిమిషాలకు పైగా నడుస్తుంది. కోజీ పవెల్ ఒక్కడే డ్రమ్స్‌తో తలుపులు బద్దలుకొట్టినట్టు మొదలుపెడతాడు. కథ ఏమిటంటే, ఒక మాంత్రికుడు నక్షత్రాల దాకా ఎగరాలని ఎడారిలో రాతి గోపురం కట్టిస్తుంటాడు. ఎండలో రాళ్లు మోసే బానిస నోట మనం ఈ కథ వింటాం. చివరికి మాంత్రికుడు గోపురమెక్కి, ఎగరకుండా కిందపడి చస్తాడు. ఇన్నేళ్లూ నమ్మి మోసినవాళ్ల గతి ఏమిటి? మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వెనక ఉప్పొంగుతుంటే, డియో ఆఖరి రెండు నిమిషాలూ ఆ ప్రశ్ననే మార్చి మార్చి పాడతాడు. పల్లవి ఒకటే, ప్రతిసారీ బాధ మోతాదు వేరు. మొదట ఆశ్చర్యం, తర్వాత కోపం, ఆఖరికి ఇంటికి పోవాలన్న తపన. ఇంగ్లీషు రాకపోయినా ఆ మూడూ వినపడతాయి.

స్వరలహరి

నేను కర్ణాటక గాత్రం నేర్చుకున్నదాన్ని, పిల్లలకు చెబుతుంటాను. మెటల్ అంటే అరుపులని అనుకునే మా వాళ్లకు నేను మొదట వినిపించేది డియోనే. ఎందుకో గాత్రం వైపు నుంచి చెబుతాను.

ఆయన గాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అయిదేళ్ల వయసు నుంచి ట్రంపెట్ ఊదాడు. శ్వాస మీద పట్టు అక్కడి నుంచే వచ్చిందని ఆయనే చాలాసార్లు చెప్పాడు. నాభి నుంచి పాడమని మన గురువులు అంటూ ఉంటారు కదా, ట్రంపెట్ ఊదేవాళ్లకి అది తప్పనిసరి. పొట్ట బిగువు లేకపోతే పై స్వరం పలకనే పలకదు. డియో ఎంత పైకి వెళ్లినా గొంతు నొక్కి పాడినట్టు ఉండదు.

ఇంకో సంగతి ఆ గరుకుతనం. చాలామంది రాక్ గాయకులకి గొంతు గరుకైతే శృతి జారుతుంది. ఈయన ఒకే పదాన్ని నున్నగా మొదలుపెట్టి, మధ్యలో గరుకు చేసి, మళ్లీ నున్నగా వదులుతాడు, స్వరం మాత్రం పెట్టినచోటే ఉంటుంది. పొడవైన స్వరాన్ని మొదట కంపితం లేకుండా నిలబెడతాడు, చివర్లోనే ఊపుతాడు. మొదటి నుంచీ ఊపితే బరువు పోతుంది. మాట స్పష్టత సంగతి చెప్పక్కర్లేదు, ఎంత రొదలోనైనా అక్షరం మింగడు.

రుజువు కావాలంటే సబ్బాత్‌లో 'చిల్డ్రన్ ఆఫ్ ద సీ', సొంత బ్యాండ్‌లో 'డోంట్ టాక్ టు స్ట్రేంజర్స్' వినండి. రెండూ మెత్తటి గిటార్ మీద, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు మొదలవుతాయి. తర్వాత ఒక్కసారిగా బ్యాండ్ మొత్తం వచ్చి పడుతుంది. ఆ మలుపు దగ్గర మామూలుగా గాయకుడి గొంతు మారిపోయి వేరే మనిషిలా వినిపిస్తుంది. ఇక్కడ మాత్రం మనిషి ఒకడే, పట్టు పెరిగింది అంతే.

బేస్_బాబ్జీ

స్వరలహరి గారూ, చాలా బాగా చెప్పారు. ఇక సబ్బాత్ సంగతి.

ఆజీ కాలం పాటల్లో గొంతు ఎక్కువగా గిటార్ రిఫ్‌నే, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీనే, పట్టుకుని నడుస్తుంది. 'ఐరన్ మ్యాన్' వినండి, గిటార్ ఎటు పోతే ఆజీ అటే. అది తప్పేం కాదు, ఆ పాటల బలమే అది. డియో వచ్చాక గొంతు రిఫ్‌కి అడ్డంగా, తన సొంత బాణీలో నడవడం మొదలైంది. దాంతో గిటారిస్ట్ టోనీ ఐయామీ వాయించే తీరే మారింది. ఐయామీ కూడా ఈ మాట చెప్పాడు.

బేస్ వాయించేవాడిగా నేను చూపించే ఉదాహరణ 'హెవెన్ అండ్ హెల్' టైటిల్ పాట. పెద్ద రిఫ్ అయిపోయి చరణం మొదలవగానే గిటార్ దాదాపు తప్పుకుంటుంది. గీజర్ బట్లర్ బేస్ ఒక్కటే గుర్రం నడకలా సాగుతుంటుంది, దాని మీద డియో. సబ్బాత్‌లో గిటార్ తప్పుకుని గొంతుకి ఇంత చోటు వదలడం అంతకుముందు ఎప్పుడు విన్నాం? గాయకుడి మీద నమ్మకం కుదిరితే గానీ ఐయామీ లాంటివాడు చెయ్యి వెనక్కి తీసుకోడు.

అప్పటిదాకా సబ్బాత్‌లో మాటలు ఎక్కువగా గీజర్ రాసేవాడు. ఆ పని డియో చేతికి వచ్చింది. ఐయామీతో కలిసి మొదట పూర్తిచేసిన పాట 'చిల్డ్రన్ ఆఫ్ ద సీ'. ప్రొడ్యూసర్ మళ్లీ మార్టిన్ బర్చే. 1980లో టూర్ మధ్యలో డ్రమ్మర్ బిల్ వార్డ్ వెళ్లిపోయాడు, విన్నీ అపిసీ వచ్చాడు. 1981లో 'మాబ్ రూల్స్'. ఈ రెండు ఆల్బమ్‌లూ వెనక వెనకే వింటే సబ్బాత్ రెండో జన్మ ఎత్తిందని ఎవరైనా ఒప్పుకుంటారు.

కొత్త_శ్రోత

మరి అంత బాగా నడుస్తుంటే 1982లో ఎందుకు వెళ్లిపోయాడు?

బేస్_బాబ్జీ

'లైవ్ ఈవిల్' అనే లైవ్ ఆల్బమ్ మిక్సింగ్ గొడవ. రాత్రిపూట డియో, విన్నీ స్టూడియోకి వచ్చి గొంతు, డ్రమ్స్ శబ్దం పెంచుకున్నారని ఒకవైపు ఆరోపణ. అలాంటిదేం లేదని వీళ్లిద్దరూ ఎప్పుడూ చెప్పారు. అప్పటికే ఇద్దరొకవైపు ఇద్దరొకవైపు అయిపోయారు, మిక్సింగ్ సాకు మాత్రమే అని నా అభిప్రాయం. డియో, విన్నీ కలిసే బయటికొచ్చారు.

సీమ_రిఫ్

రెయిన్‌బో నుంచి వెళ్లిపోయిన తీరు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1978లో 'లాంగ్ లివ్ రాక్ ఎన్ రోల్' తర్వాత బ్లాక్‌మోర్‌కి రేడియోలో మోగే చిన్న పాటలు కావాలనిపించింది. మాంత్రికులు, కోటలు, కత్తులు ఇక చాలన్నాడు. డియో రాసే పాటలకి ప్రాణమే అవి. 1979లో బయటికొచ్చేశాడు. ఆయన చోటులో గ్రాహం బోనెట్ పాడిన 'సిన్స్ యూ బీన్ గాన్' బ్రిటన్‌లో టాప్ టెన్‌కి వెళ్లింది. వ్యాపారంగా చూస్తే బ్లాక్‌మోర్ లెక్క సరైనదే. అయినా డియో ఉండిపోయి అలాంటి పాటలు పాడి ఉంటే ఈ రోజు ఇక్కడ ఆయన గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. నచ్చని పాట పాడటం కంటే ఖాళీ చేతులతో బయటికి నడవడమే నయమనుకున్నాడు. ఆయన కెరీర్‌కి తాళంచెవి ఇదేనని నా నమ్మకం.

డాలస్_తెలుగోడు

నా ఓటు డియో బ్యాండ్‌కి. రెయిన్‌బోలో యజమాని బ్లాక్‌మోర్, సబ్బాత్‌లో ఐయామీ. సొంత బ్యాండ్‌లో మాత్రమే ఆయన తన బుర్రలో ఉన్న సంగీతాన్ని ఎవరినీ అడగకుండా చేశాడు. విన్నీ అపిసీని తెచ్చుకున్నాడు, రెయిన్‌బో నుంచి జిమ్మీ బెయిన్‌ని పిలిచాడు, ఉత్తర ఐర్లండ్ నుంచి వివియన్ క్యాంప్‌బెల్ అనే కుర్ర గిటారిస్ట్‌ని తీసుకున్నాడు. 'హోలీ డైవర్' లాస్ ఏంజెలెస్‌లోని సౌండ్ సిటీలో రికార్డ్ అయింది, ప్రొడ్యూసర్ ఆయనే. 1984లో 'ద లాస్ట్ ఇన్ లైన్'. రెండూ అమెరికాలో ప్లాటినమ్ అయ్యాయి, అంటే ఒక్కొక్కటి పది లక్షల కాపీలు.

'రెయిన్‌బో ఇన్ ద డార్క్' సంగతి చూడండి. కీబోర్డ్ బాణీ మరీ పాప్‌లా ఉందని ఆయనకే మొదట ఆ పాట నచ్చలేదు. చివరికి ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే పాటల్లో అదొకటైంది.

విశాఖ_వినైల్

బ్రో, డియో బ్యాండ్ గురించి మాట్లాడితే క్యాంప్‌బెల్‌కి జరిగింది కూడా రాయాలి. మొదటి మూడు ఆల్బమ్‌ల ధ్వనిలో సగం ఆ కుర్రాడి చేతులది. మూడో ఆల్బమ్ నాటికి సంపాదనలో సరైన వాటా ఇస్తామని చెప్పి ఇవ్వలేదని, అడిగినందుకు 1986లో టూర్ మధ్యలో తీసేశారని అతను ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ చేదు ఏళ్ల తరబడి పోలేదు. మనం ఇష్టపడే గాయకుడు కాబట్టి ఆ మాట దాచెయ్యడం న్యాయం కాదు.

డాలస్_తెలుగోడు

దాచమని నేననను. కాకపోతే పేరు డియోది, కాంట్రాక్టు డియోది, ఫ్లాప్ అయితే నెత్తిన పడేది డియోకే. మేనేజర్ ఆయన భార్య వెండీ. బ్యాండ్‌ని కంపెనీలా నడిపారు, అందరికీ సమాన వాటా ఉండే బ్యాండ్ కాదది. క్యాంప్‌బెల్ బాధ నిజమే కావచ్చు. ఆ పాటల మీద అతనికి ప్రేమ చావలేదని మాత్రం తెలుసు. 2012లో అపిసీ, బెయిన్‌లతో కలిసి 'లాస్ట్ ఇన్ లైన్' పేరుతోనే బ్యాండ్ పెట్టి మళ్లీ అవే పాటలు వాయించాడు.

విశాఖ_వినైల్

ఆ బ్యాండ్ పెట్టింది డియో పోయిన రెండేళ్లకి. ఆయన బతికుండగా ఆ ముగ్గురూ మళ్లీ ఆయన వెనక నిలబడి ఒక్కసారి వాయించి ఉంటే చూడాలనిపిస్తుంది నాకు. ఈ విషయంలో నేను క్యాంప్‌బెల్ వైపే.

కొత్త_శ్రోత

చూపుడు వేలు, చిటికెన వేలు పైకెత్తే మెటల్ గుర్తు ఆయనే కనిపెట్టాడంటారు, నిజమా?

స్వరలహరి

కనిపెట్టానని ఆయనెప్పుడూ అనలేదు. వాళ్ల ఇటాలియన్ బామ్మ చెడుచూపు తగలకుండా ఆ వేళ్లు అలా చూపించేదట. దిష్టి భయం మనకొక్కళ్లకే కాదు కదా. సబ్బాత్‌కి వచ్చినప్పుడు, స్టేజి మీద ఆజీ ఎప్పుడూ రెండు వేళ్లతో శాంతి గుర్తు చూపించేవాడు కాబట్టి, తనకంటూ వేరేది కావాలని బామ్మది తీసుకున్నాడు. రాక్‌లో అంతకుముందు కూడా ఉంది. 1969లో వచ్చిన కోవెన్ బ్యాండ్ ఆల్బమ్ వెనక అట్ట మీద కనిపిస్తుంది. లోకమంతా పాకించింది మాత్రం ఈయనే. కిస్ బ్యాండ్ జీన్ సిమన్స్ 2017లో ఇలాంటి గుర్తుకే ట్రేడ్‌మార్క్ కావాలని దరఖాస్తు పెట్టి, గొడవ కాగానే వెనక్కి తీసుకున్నాడు.

గోదారి_మెటల్

ఇంతమంది రాశారు, 'హియర్ ఎన్ ఎయిడ్' ఊసు ఎవరూ ఎత్తలేదు!

1985లో ఆఫ్రికా కరువు కోసం పాప్ గాయకులందరూ కలిసి పాడారు. మెటల్ వాళ్లని ఎవరూ పిలవలేదు. క్యాంప్‌బెల్, జిమ్మీ బెయిన్ ఇద్దరూ మనమే ఒకటి చేద్దామని డియో దగ్గరికి వెళ్లారు. ఆ మేలో హాలీవుడ్‌లోని ఎ అండ్ ఎం స్టూడియోలో 40 మంది చేరారు. జుడాస్ ప్రీస్ట్ నుంచి రాబ్ హాల్‌ఫర్డ్, ఐరన్ మెయిడెన్ నుంచి డేవ్ ముర్రే, ఏడ్రియన్ స్మిత్, ఇంకా యింగ్వీ మామ్‌స్టీన్, జెఫ్ టేట్... పాట పేరు 'స్టార్స్'. చార్టుల్లో ఒకరితో ఒకరు పోటీపడేవాళ్లు ఒకే గదిలో తమ వంతు కోసం నిలబడి ఉండటం ఆ వీడియోలో కనిపిస్తుంది. డియో ఒక్కొక్కరి పక్కన నిలబడి లైన్ ఎలా పాడాలో చెబుతుంటాడు. పెత్తనం కనిపించదు, ఓపిక కనిపిస్తుంది. రికార్డ్ 1986లో వచ్చింది, పది లక్షల డాలర్లు పోగైంది. పిశాచాల సంగీతమని చర్చిల్లో తిట్లు తింటున్న రోజుల్లో వీళ్లు చేసిన పని ఇది.

సీమ_రిఫ్

మంచి సంగతి గుర్తు చేశారు అన్నా.

ఇక తొంభైల దగ్గరికి వద్దాం. అక్కడే ఆయన అసలు పరీక్ష ఎదుర్కొన్నాడు. 1992లో మళ్లీ సబ్బాత్‌కి వెళ్లి 'డీహ్యూమనైజర్' చేశాడు. బిగుతైన, కోపంగా ఉండే ఆల్బమ్. ఈసారి డ్రాగన్లు లేవు, కంప్యూటర్లని దేవుళ్లుగా కొలిచే మనుషుల గురించి 1992లోనే పాడాడు. ఆ నవంబర్‌లో కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో ఆజీ వీడ్కోలు కచేరీలు రెండు రోజులు పెట్టాడు, ముందు సబ్బాత్ వాయించాలి. డియో ససేమిరా అన్నాడు. రాబ్ హాల్‌ఫర్డ్ వచ్చి ఆ రెండు రాత్రులూ పాడాడు. డియో, అపిసీ మళ్లీ బయటికి.

బేస్_బాబ్జీ

అక్కడ నాకు ఆయన మీద కోపం. రెండు రాత్రులు. బ్యాండ్ కోసం రెండు రాత్రులు పాడి ఉంటే అలాంటివే ఇంకో రెండు ఆల్బమ్‌లు వచ్చేవి. 'డీహ్యూమనైజర్' చేసిన బ్యాండ్‌ని అలా వదిలేసి వెళ్లడమేంటి?

సీమ_రిఫ్

బాబ్జీ అన్నా, ఆయన వైపు నుంచి చూడు. పన్నెండేళ్లుగా ఆజీ, ఈయన ఇంటర్వ్యూల్లో మాటలు అనుకుంటూనే ఉన్నారు. ఆజీకి ముందు సబ్బాత్ వాయిస్తే, కొత్త సబ్బాత్ పాత గాయకుడి కచేరీకి పక్కవాద్యం అయిపోతుంది. పైగా రెండో రాత్రి చివర్లో అసలు నలుగురూ కలిసి వాయించారు కూడా. ఆ స్టేజి పక్కన డియో ఏమని నిలబడాలి? రెయిన్‌బో దగ్గర ఏ కారణంతో వెళ్లిపోయాడో ఇక్కడా అంతే.

బేస్_బాబ్జీ

పక్కవాద్యం అన్నావు చూడు, అది ఒప్పుకుంటా. కానీ వినేవాళ్లుగా నష్టపోయింది మనం. ఆ తర్వాత డియో బ్యాండ్‌తో చేసిన 'స్ట్రేంజ్ హైవేస్' (1993) నాకు నచ్చుతుంది, బరువుగా ఉంటుంది. 'యాంగ్రీ మెషీన్స్' (1996) మాత్రం పూర్తిగా వినలేను. కాలం మారింది, సియాటిల్ గ్రంజ్ రాక్ వాళ్లు వచ్చారు, ఆయన బ్యాండ్ చిన్న క్లబ్బుల్లో వాయించాల్సి వచ్చింది.

గోదారి_మెటల్

చిన్న క్లబ్బుల్లో కూడా అదే గొంతు, అదే శ్రద్ధ. ఆ ఏళ్ల లైవ్ రికార్డింగులు వినండి, ఎక్కడా తూతూ మంత్రంగా పాడలేదు. 1999లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో డీప్ పర్పుల్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కచేరీ చేసినప్పుడు ఈయన్ని అతిథిగా పిలిచారు. ఎప్పుడో 1974లో రోజర్ గ్లోవర్ ప్రాజెక్టుకి పాడిన 'లవ్ ఈజ్ ఆల్' అక్కడ మళ్లీ పాడాడు. మెటల్ తెలియనివాళ్లకి డియోని పరిచయం చెయ్యాలంటే నేను పెట్టేది అదే. మొహమంతా సంతోషం.

2000లో 'మ్యాజికా', 2002లో 'కిల్లింగ్ ద డ్రాగన్', 2004లో 'మాస్టర్ ఆఫ్ ద మూన్'. మూడింటిలో 'మ్యాజికా' వినండి చాలు.

స్వరలహరి

ఆఖరి అంకం నేను రాస్తాను.

2006లో ఐయామీ, బట్లర్, అపిసీ, డియో మళ్లీ కలిశారు. ఆజీ సబ్బాత్‌తో కలగాపులగం కాకుండా 'హెవెన్ అండ్ హెల్' అని పేరు పెట్టుకున్నారు. 2007 మార్చి 30న న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో చేసిన కచేరీ రికార్డుగా ఉంది. ఆయనకప్పుడు 64. వయసుతో గొంతు కొంచెం కిందికి దిగింది, నిజమే. దానికి తగ్గట్టు పాడే తీరు మార్చుకున్నాడు. పై స్వరం వెంట పరిగెత్తడం మాని పదానికి బరువిచ్చాడు. 2009లో వచ్చిన 'ద డెవిల్ యూ నో'లో 'బైబిల్ బ్లాక్' అనే పాట వినండి. అరవై ఆరేళ్ల మనిషి అలా పాడటం నేను ఇంకెక్కడా వినలేదు. ఆ ఆల్బమ్ అమెరికా చార్టులో ఎనిమిదో స్థానంలో మొదలైంది.

ఆ ఏడాది నవంబర్‌లో కడుపు క్యాన్సర్ అని తేలింది. 2010 మే 16న హ్యూస్టన్‌లో పోయారు. ఆ జులైలో లండన్‌లో మిగతా ముగ్గురూ ఆయన జ్ఞాపకార్థం వాయించారు. పాడటానికి గ్లెన్ హ్యూస్, యార్న్ లాండే ఇద్దరు కావాల్సి వచ్చింది.

డాలస్_తెలుగోడు

బల్గేరియాలోని కవార్నా ఊళ్లో అదే ఏడాది ఆయన విగ్రహం పెట్టారు. ఆయన పేరు మీద వెండీ నడుపుతున్న క్యాన్సర్ నిధి ఇప్పటికీ పనిచేస్తోంది.

హోలోగ్రామ్ గురించి మీరేమంటారు? 2016లో జర్మనీలోని వాకెన్‌లో మొదట చూపించారు, తర్వాత టూర్ కూడా చేశారు. గొంతు అసలు రికార్డింగుదే, వెనక వాయించింది ఆయన బ్యాండ్ వాళ్లే.

విశాఖ_వినైల్

నాకు ససేమిరా నచ్చలేదు. డియో స్టేజి మీద ముందు వరసలో ఉన్నవాళ్ల కళ్లలోకి చూసి పాడేవాడు. వెలుతురు బొమ్మ ఎవర్ని చూస్తుంది?

గోదారి_మెటల్

వెండీ ఒప్పుకోలుతో, ఆయనతో ఏళ్ల తరబడి వాయించిన మనుషులతో జరిగింది. ఆయన్ని ఎన్నడూ చూడని పిల్లలు కొంతైనా చూశారు. మన బాలు గారి గొంతుని ఏఐతో తయారుచేసి సినిమాలో వాడినప్పుడు కుటుంబం లీగల్ నోటీసు ఇచ్చింది గుర్తుందా? అక్కడ అడగలేదని బాధ. ఇక్కడ ఇంటివాళ్లే ముందుండి చేశారు. రెండూ ఒకటి కాదు.

స్వరలహరి

అనుమతి ఉన్నా నా మనసు ఒప్పుకోదండీ. పాత రికార్డింగ్‌లో ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా ఆయనదే. నాకు అది చాలు. బాలు గారి విషయంలోనూ నాది అదే మాట.

కొత్త_శ్రోత

అందరికీ థాంక్స్. 'రైజింగ్' నిన్న రాత్రి విన్నాను, 'స్టార్‌గేజర్' ఆఖరి భాగం సీమ అన్న చెప్పినట్టే ఉంది. తర్వాత ఏది వినాలి? లైవ్ రికార్డ్ ఒకటి చెప్పండి.

బేస్_బాబ్జీ

రేడియో సిటీ కచేరీ పెట్టుకో తమ్ముడూ, ఇయర్‌ఫోన్స్‌తో. మూడు సబ్బాత్ ఆల్బమ్‌ల పాటలూ అందులో ఉన్నాయి. 'హెవెన్ అండ్ హెల్' పాట వచ్చినప్పుడు గిటార్ తప్పుకున్నాక బేస్ మీద చెవి పెట్టు.

సీమ_రిఫ్

దానికంటే ముందు రెయిన్‌బో 'ఆన్ స్టేజ్', 1977. 'క్యాచ్ ద రెయిన్‌బో' పావుగంట సాగుతుంది. అంతసేపూ డియో గొంతు పెంచాల్సిన చోట కూడా ఎంత తగ్గించి పాడాడో విను, తర్వాత బాబ్జీ అన్న చెప్పింది.